పాత ఒరాకిల్ 11జీ, కొత్త 19సీ: రెండింటికీ ఒకే డ్రైవర్ సరిపోతుందా?

గేట్‌పాస్ · సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గాజువాక వైపు కంటైనర్ యార్డు. పోర్టు నుంచి వచ్చే బండ్ల గేట్ ఎంట్రీ, బిల్లింగ్ రెండూ ఒకే జావా అప్లికేషన్ మీద నడుస్తాయి, కాటా తూకానికి వేరే ప్రోగ్రామ్ ఉంది. టామ్‌క్యాట్ (జావా అప్లికేషన్‌ని నడిపే సర్వర్), జావా 6, లైబ్రరీ ఫోల్డర్‌లో ఓజేడీబీసీ14 జార్, అంటే జావా నుంచి ఒరాకిల్‌కి కనెక్ట్ చేసే డ్రైవర్ ఫైల్. డేటాబేస్ ఒరాకిల్ 11.2. అది ఒకప్పుడు 10జీగా ఉండి, తర్వాత అప్‌గ్రేడ్ అయిందని పాతవాళ్లు చెబుతారు.

పోయిన వారం బిల్లింగ్ స్కీమాను (బిల్లింగ్ టేబుళ్లన్నీ ఉండే భాగాన్ని) మాత్రం 19సీ సర్వర్‌కి మార్చారు. గేటు, కాటా ఇంకా 11.2లోనే ఉన్నాయి. వాటిని మార్చడానికి టైమ్ పడుతుంది. అంటే కొన్నాళ్లు ఒకే అప్లికేషన్ రెండు డేటాబేస్‌లతోనూ మాట్లాడాలి.

11.2కి ఎప్పటిలాగే కనెక్ట్ అవుతోంది. 19సీకి పెడితే ఇది వస్తోంది: "ఓఆర్ఏ-28040: నో మ్యాచింగ్ అథెంటికేషన్ ప్రోటోకాల్". అదే యూజర్, అదే పాస్‌వర్డ్ ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో (ఒరాకిల్ వాళ్ల డేటాబేస్ టూల్) ఇస్తే హాయిగా లోపలికి వెళ్తోంది. మరి అప్లికేషన్‌కి ఏమొచ్చింది? రెండు డేటాబేస్‌లకి రెండు జార్‌లు పెట్టాలా? బిల్లులు చేత్తో రాసి పంపుతున్నాం, డ్రైవర్లు గేటు దగ్గర గొడవ పడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చెప్పండి.

ఋషికొండ జావా · సోమవారం, రాత్రి 9:48

తమ్ముడూ, ముందు బండ్లు కదలాలి కదా. 19సీ సర్వర్‌లో ఎస్‌క్యూఎల్‌నెట్.ఓరా ఫైల్ ఉంటుంది. అందులో 'ఎస్‌క్యూఎల్‌నెట్.అలౌడ్_లాగాన్_వెర్షన్_సర్వర్' అనే లైన్ రాసి విలువ 8 ఇవ్వమని మీ డీబీఏకి (డేటాబేస్ చూసుకునేవాళ్లకి) చెప్పు. తర్వాత ఆ యూజర్ పాస్‌వర్డ్ ఒకసారి మళ్లీ సెట్ చేయించు. పాత జార్‌తోనే కనెక్ట్ అవుతుంది. మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు.

మర్రిపాలెం డీబీఏ · సోమవారం, రాత్రి 10:15

పై సలహా పని చేస్తుంది, అబద్ధం కాదు. కానీ దయచేసి అది చేయకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఒరాకిల్ పాస్‌వర్డ్‌ని నేరుగా దాచదు, దాని నుంచి లెక్కగట్టిన ఒక విలువను దాస్తుంది. దీన్ని వెరిఫయర్ అంటారు. 10జీ వెరిఫయర్ చాలా పాత పద్ధతి. చిన్నక్షరం, పెద్దక్షరం తేడా కూడా దానికి తెలియదు. 11జీలో షా-1 (ఆ విలువ లెక్కగట్టే ఒక సూత్రం) ఆధారంగా కొత్తది వచ్చింది, 12సీలో షా-512 ఆధారంగా ఇంకోటి వచ్చింది. 12.1లో ఆ సెట్టింగ్ డిఫాల్ట్ 11 ఉండేది. 12.2 నుంచి, అంటే 19సీలో కూడా, డిఫాల్ట్ 12. ఆ విలువ దగ్గర 10జీ వెరిఫయర్‌ని సర్వర్ తయారు చేయదు, ఒప్పుకోదు. ఓజేడీబీసీ14 అనేది 10జీ కాలపు డ్రైవర్. దానికి కొత్త పద్ధతి రాదు. అందుకే పాస్‌వర్డ్ తప్పో ఒప్పో చూసే దాకా కూడా వెళ్లకుండా 28040 ఇచ్చేసింది. ఎస్‌క్యూఎల్ డెవలపర్ తనతో పాటు కొత్త డ్రైవర్ తెచ్చుకుంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

విలువ 8 అని పెట్టారంటే ఆ ఒక్క అప్లికేషన్ కోసం ఆ సర్వర్ మీదున్న అందరికీ కాపలా తగ్గించినట్టే. ఆ తర్వాత ఎవరు పాస్‌వర్డ్ మార్చుకున్నా బలహీనమైన 10జీ వెరిఫయర్ కూడా తయారవుతుంది. పోనీ కొన్నాళ్లే అనుకుంటే, ఆ లైన్ తీసేవాళ్లు ఎవరూ ఉండరు. నేను చూసిన చోట్ల అలాంటి లైన్లు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. 23ఏఐలో 10జీ వెరిఫయర్‌కి సపోర్టే తీసేశారు, అక్కడికి వెళ్లిన రోజు ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

మార్చాల్సింది డ్రైవర్‌ని. 19సీ వెర్షన్ ఓజేడీబీసీ8 తీసుకోండి. అది 11.2.0.4కీ కనెక్ట్ అవుతుంది, 19సీకీ కనెక్ట్ అవుతుంది. మీ ప్రశ్నకు జవాబు కూడా అదే: రెండు జార్‌లు వద్దు, ఒక్కటి చాలు. మీ 11.2 చివర ఏ అంకె ఉందో మాత్రం ముందు చూసుకోండి.

గేట్‌పాస్ · సోమవారం, రాత్రి 10:31

థాంక్యూ అక్కా. 11.2.0.4 అనే చూపిస్తోంది. ఓజేడీబీసీ8 పెట్టి టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేస్తే "అన్‌సపోర్టెడ్ మేజర్.మైనర్ వెర్షన్ 52.0" అని వచ్చి అప్లికేషనే లేవడం లేదు.

ఋషికొండ జావా · సోమవారం, రాత్రి 10:40

52 అంటే జావా 8లో కంపైల్ అయిన క్లాస్. నీ జావా 6 దాన్ని చదవలేదు. 55 అని వస్తే జావా 11, 61 అని వస్తే జావా 17 అడుగుతోందని అర్థం. ఓజేడీబీసీ పక్కనున్న అంకె డేటాబేస్ వెర్షన్ కాదు. ఓజేడీబీసీ6 అంటే జావా 6 కోసం, 8 అంటే జావా 8 కోసం, 11 అంటే జావా 11 కోసం. ఓజేడీబీసీ14లో 14 అంటే జావా 1.4. చాలామంది ఇక్కడే తికమకపడి, 11జీ డేటాబేస్‌కి ఓజేడీబీసీ11 వెతుకుతారు.

కాబట్టి ముందు జావా 8 వెయ్యి. పాత కోడ్ చాలావరకు అలాగే నడుస్తుంది. అక్క చెప్పినదాంతో నేను ఏకీభవిస్తున్నాను, సెట్టింగ్ తగ్గించడం ఆ రాత్రికి సరిపోయే పని, అంతే.

ఇంకో ముఖ్యమైన మాట. పాత జార్ పూర్తిగా తీసెయ్. టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో ఒకటి, అప్లికేషన్ వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో ఇంకోటి ఉండిపోతే రెండింటిలోనూ క్లాస్ పేర్లు ఒకటే కాబట్టి ఏది లోడ్ అవుతుందో చెప్పలేం. డ్రైవర్ మార్చాం, అయినా అదే ఎర్రర్ అని వచ్చేవాళ్లలో ఎక్కువమంది దగ్గర పాతది ఎక్కడో ఒక మూల ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో జావా హైఫన్ జార్ అని రాసి, ఆ జార్ పేరు, తర్వాత హైఫన్ గెట్‌వెర్షన్ అని ఇస్తే ఆ ఫైల్ తన వెర్షన్ తానే చెబుతుంది. ఇంకా నమ్మకం కావాలంటే అప్లికేషన్ లోపల కనెక్షన్ మెటాడేటా నుంచి గెట్‌డ్రైవర్‌వెర్షన్ పిలిచి లాగ్‌లో రాయించు. నడుస్తున్నది ఏదో అది చెబుతుంది, ఫోల్డర్‌లో ఉన్నది కాదు.

కంచరపాలెం వెబ్ · మంగళవారం, ఉదయం 8:05

ఈ బాధ ఒరాకిల్ వాళ్లకే కాదు. నేను చిన్న షాపులకి, స్కూళ్లకి పీహెచ్‌పీ సైట్లు చేస్తాను. హోస్టింగ్ వాళ్లు మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8కి మార్చిన పూట నాకు వరుసగా ఫోన్లు. ముందు "సర్వర్ సెంట్ క్యారెక్టర్‌సెట్ 255 అన్‌నోన్ టు ద క్లయింట్". అది దాటితే "సర్వర్ అడిగిన అథెంటికేషన్ పద్ధతి క్లయింట్‌కి తెలియదు".

రెండిటికీ మూలం 8.0లో మారిన డిఫాల్ట్‌లే. 2018లో 8.0 వచ్చినప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది. దాని కొత్త కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుస పెట్టే పద్ధతి) నంబర్ 255. పాత డ్రైవర్ జాబితాలో ఆ నంబరే లేదు. అలాగే లాగిన్ పద్ధతి మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్ నుంచి క్యాచింగ్_షా2_పాస్‌వర్డ్‌కి మారింది. నెట్‌లో ఎక్కడ చూసినా 'యూజర్‌ని పాత నేటివ్ పద్ధతికి మార్చెయ్యండి' అనే సలహా కనిపిస్తుంది. 8.4లో ఆ ప్లగిన్ డిఫాల్ట్‌గా ఆపేశారు, 9.0లో పూర్తిగా తీసేశారు. అప్పుడు అలా మార్చుకున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చారు. నేను పీహెచ్‌పీని 7.4కి తెచ్చాను, ఆ రెండు ఎర్రర్లూ పోయాయి.

గేట్‌పాస్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

జావా 8 వేశాను. పాత జార్ నిజంగానే రెండు చోట్ల ఉంది, రెండూ తీసేసి ఓజేడీబీసీ8 19 వెర్షన్ టామ్‌క్యాట్ లిబ్‌లో ఒక్కచోటే పెట్టాను. 19సీకి బిల్లింగ్ యూజర్ కనెక్ట్ అయ్యాడు! బిల్లులు మళ్లీ కంప్యూటర్‌లో వస్తున్నాయి. అన్నకీ అక్కకీ చాలా చాలా థాంక్స్.

కానీ ఇప్పుడు రెండు కొత్తవి. ఒకటి, 19సీలోనే రిపోర్ట్ యూజర్‌కి "ఓఆర్ఏ-01017: ఇన్‌వాలిడ్ యూజర్‌నేమ్/పాస్‌వర్డ్". పాస్‌వర్డ్ సరైనదే, 11.2లో అదే పని చేస్తోంది. రెండు, నిన్నటి దాకా బాగున్న 11.2 ఇప్పుడు "ఓఆర్ఏ-01882: టైమ్‌జోన్ రీజియన్ నాట్ ఫౌండ్" అంటోంది. గేట్ ఎంట్రీ కోసం తాత్కాలికంగా పాత టామ్‌క్యాట్‌ని ఇంకో మెషీన్ మీద నడుపుతున్నాం.

మర్రిపాలెం డీబీఏ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

మొదటిదానికి 19సీలో డీబీఏ_యూజర్స్ వ్యూ చూడండి. అందులో పాస్‌వర్డ్_వెర్షన్స్ అనే కాలమ్ ఉంటుంది. బిల్లింగ్ యూజర్‌కి అందులో 11జీ గానీ 12సీ గానీ ఉంటుంది. రిపోర్ట్ యూజర్‌కి 10జీ ఒక్కటే కనిపిస్తుందని నా అంచనా. డేటాబేస్ 10జీగా ఉన్న రోజుల్లో పెట్టిన పాస్‌వర్డ్‌ని ఆ తర్వాత ఎవరూ మార్చకపోతే, 11.2కి అప్‌గ్రేడ్ అయినా పాత వెరిఫయరే ఉండిపోతుంది. డేటాపంప్‌లో (ఒరాకిల్ డేటాని ఒక చోట నుంచి ఇంకో చోటికి తరలించే టూల్) ఎక్స్‌పోర్ట్ చేస్తే యథాతథంగా 19సీకి వచ్చేస్తుంది. 19సీ దాన్ని ఒప్పుకోదు. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పు అంటుంది.

మందు తేలికే. ఆల్టర్ యూజర్ కమాండ్‌తో పాస్‌వర్డ్ ఒకసారి సెట్ చేయండి, కొత్త వెరిఫయర్లు తయారవుతాయి. 28040 వస్తే డ్రైవర్ పాతది, 01017 వస్తే పాస్‌వర్డ్ దాచిన పద్ధతి పాతదై ఉండొచ్చు. ఈ రెండూ కలిపేసి ఒకటే సమస్య అనుకుంటే ఎన్ని జార్‌లు మార్చినా తేలదు.

ఇంకోటి, ఆ 01017 వస్తుండగా టామ్‌క్యాట్‌ని అలా వదిలేయకండి. కనెక్షన్ పూల్ (కనెక్షన్లు ముందే తెరిచి ఉంచే భాగం) తనంతట తాను మళ్లీ మళ్లీ ప్రయత్నించి అకౌంట్ లాక్ చేసేస్తుంది, అప్పుడు ఎర్రర్ 28000కి మారి ఇంకా గందరగోళం అవుతుంది.

ఋషికొండ జావా · మంగళవారం, మధ్యాహ్నం 2:25

రెండోది నేను చెబుతా, ఇది మన దేశంలో చాలామందికి తగిలే సమస్య. కొత్త డ్రైవర్ లాగిన్ అయ్యేటప్పుడు నీ జావాలో ఉన్న టైమ్‌జోన్ పేరును సర్వర్‌కి పంపుతుంది. మన దగ్గర అది ఏషియా/కోల్‌కతా. నీ 11.2 లోపల టైమ్‌జోన్ ఫైల్ 10జీ కాలం నాటిదే ఉండిపోయి ఉంటుంది. డేటాబేస్ అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన ఆ ఫైల్ మారదు, దాన్ని విడిగా మార్చాలి. ఆ పాత ఫైల్‌కి ఏషియా/కలకత్తా తెలుసు, కోల్‌కతా తెలియదు. వీ$టైమ్‌జోన్_నేమ్స్ వ్యూలో వెతికి చూడు.

దారులు రెండు. టామ్‌క్యాట్ జావా ఆప్షన్లలో యూజర్.టైమ్‌జోన్ విలువ ఏషియా/కలకత్తా అని ఇవ్వడం ఒకటి. ఒరాకిల్.జేడీబీసీ.టైమ్‌జోన్‌యాజ్‌రీజియన్ విలువ ఫాల్స్ అని ఇవ్వడం ఇంకోటి. అప్పుడు పేరు పంపకుండా +05:30 అనే తేడా మాత్రమే పంపుతుంది. మనకి వేసవిలో గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి రెండోదాంతో ఏ ఇబ్బందీ రాదు. నేనైతే అదే పెడతాను.

కంచరపాలెం వెబ్ · మంగళవారం, సాయంత్రం 5:50

మైఎస్‌క్యూఎల్‌కీ ఇలాంటిదే ఉంది. మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవర్ కనెక్టర్/జే 5.1 నుంచి 8.0కి మారితే "సర్వర్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ గుర్తుపట్టలేం, లేదా ఒకటి కంటే ఎక్కువ టైమ్‌జోన్‌లను సూచిస్తోంది" అని ఆగిపోయేది. ఐఎస్‌టీ అంటే మనకి ఇండియా, ఇజ్రాయెల్ వాళ్లకి వాళ్లది, ఐర్లాండ్ వాళ్లకి వాళ్లది. కనెక్షన్ యూఆర్‌ఎల్ చివర సర్వర్‌టైమ్‌జోన్ ఈక్వల్ టు ఏషియా/కోల్‌కతా అని రాస్తే సరిపోతుంది. డ్రైవర్ క్లాస్ పేరు కూడా మారింది, కామ్.మైఎస్‌క్యూఎల్ తర్వాత సీజే అని చేరింది.

మధురవాడ పీజీ · మంగళవారం, రాత్రి 9:00

చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో ఇదే కథ ఇంకో రూపంలో ఉంది. 10వ వెర్షన్‌లో, అంటే 2017లో, స్క్రామ్-షా-256 అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతి వచ్చింది. 14లో, 2021లో, అది డిఫాల్ట్ అయింది. పాత జేడీబీసీ డ్రైవర్‌తో వెళ్తే "అథెంటికేషన్ టైప్ 10 ఈజ్ నాట్ సపోర్టెడ్" అని వస్తుంది. ఆ 10ని చూసి చాలామంది పోస్ట్‌గ్రెస్ 10 అనుకుంటారు. అది ప్రోటోకాల్‌లో స్క్రామ్‌కి ఇచ్చిన నంబర్, వెర్షన్‌తో సంబంధం లేదు. 42.2.0 నుంచి డ్రైవర్‌కి స్క్రామ్ వచ్చు. అంతకంటే కొత్తది ఏదైనా పెట్టుకోండి.

మా దగ్గర ఒక ప్రాజెక్టులో ఇది తేలడానికి ఆలస్యం కావడానికి కారణం వేరే. పీజీ_హెచ్‌బీఏ ఫైల్‌లో (ఎవరు ఏ పద్ధతిలో లాగిన్ కావాలో సర్వర్‌లో రాసే ఫైల్) పద్ధతి ఎండీ5 అనే ఉంది, అది పాత పద్ధతి. 'ఎండీ5 ఉందిగా, మరి స్క్రామ్ ఎందుకు అడుగుతోంది' అని అందరూ ఆ ఫైల్ చుట్టే తిరిగారు. ఎండీ5 అని రాసి ఉన్నా, ఆ యూజర్ పాస్‌వర్డ్ స్క్రామ్ రూపంలో దాచి ఉంటే పోస్ట్‌గ్రెస్ స్క్రామే వాడుతుంది. పై అక్క చెప్పిన వెరిఫయర్ మాట లాంటిదే: ఫైల్‌లో ఏం రాశామన్నది కాదు, పాస్‌వర్డ్ ఏ రూపంలో దాగి ఉందో చూడాలి. 18లో ఎండీ5 పాస్‌వర్డ్‌లు ఇక తీసేయబోతున్నామని హెచ్చరిక కూడా ఇస్తున్నారు, కాబట్టి వెనక్కి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

డ్రైవర్ సరిగ్గా ఉన్నా పాత అడ్మిన్ టూల్స్ విరుగుతాయి, అది కూడా గుర్తుంచుకోండి. 12లో కేటలాగ్ (డేటాబేస్ తన వివరాలు తానే దాచుకునే టేబుళ్లు) నుంచి ఏడీఎస్ఆర్‌సీ లాంటి కాలమ్‌లు తీసేశారు. లాగిన్ అవుతుంది, టేబుల్ మీద క్లిక్ చేస్తే ఆ కాలమ్ లేదని ఎర్రర్.

ఎన్ఏడీ డాట్‌నెట్ · మంగళవారం, రాత్రి 9:40

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్ల తరఫున రెండు ముక్కలు. ఓడీబీసీ డ్రైవర్ 17 నుంచి 18కి మారగానే "సర్టిఫికెట్ చెయిన్ నమ్మదగిన సంస్థ ఇచ్చినది కాదు" అని వస్తే కంగారు పడకండి. 18లో ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా ఆన్ అయింది. ట్రస్ట్‌సర్వర్‌సర్టిఫికెట్ ఎస్ అని పెట్టి అందరూ దాటేస్తారు. ఆఫీసు లోపలి టెస్ట్ మెషీన్‌కి అయితే సరే, ఇంటర్నెట్ మీద ఉన్న సర్వర్‌కి మాత్రం సరైన సర్టిఫికెట్ వేయండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకం ఇంకోటి. సర్వర్ మరీ పాతదైతే, 2008 ఆర్2 లాంటివి, జావా 8కి 2021 ఏప్రిల్ అప్‌డేట్ వేసినప్పటి నుంచి కనెక్షన్ ఆగిపోతుంది. ఆ అప్‌డేట్‌లో టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పాత వెర్షన్లు 1.0, 1.1 మూసేశారు. డ్రైవర్ మారలేదు, డేటాబేస్ మారలేదు, మధ్యలో జావా ఒక్కటే మారింది. జావా.సెక్యూరిటీ ఫైల్‌లో ఆ పేర్లు తీసేస్తే మళ్లీ పని చేస్తుంది, కానీ అది ఆ మెషీన్‌లోని జావా మొత్తానికి వర్తిస్తుంది. నా మాటంటే పాత సర్వర్‌కి టీఎల్ఎస్ 1.2 ప్యాచ్ వేయించండి.

గేట్‌పాస్ · బుధవారం, ఉదయం 11:15

అక్కా, మీ అంచనా కరెక్ట్. రిపోర్ట్ యూజర్ ఎదురుగా 10జీ ఒక్కటే ఉంది. పాస్‌వర్డ్ సెట్ చేశాం, వెళ్తోంది. అన్నా, టైమ్‌జోన్ ఆప్షన్ పెట్టగానే 11.2 కూడా లేచింది. ఇప్పుడు ఒకే జార్ రెండు చోట్లా కనెక్ట్ అవుతోంది.

అయితే మా అకౌంట్స్ ఆవిడ ఉదయం డే బుక్ తీసి పిలిచారు. రోజువారీ గేట్ రిజిస్టర్‌లో తేదీకి ఒక లైన్, ఆ రోజు ఎన్ని కంటైనర్లు వచ్చాయో మొత్తం ఉండాలి. ఇప్పుడు ఒక్కో కంటైనర్‌కి ఒక్కో లైన్, మొత్తం అన్నిచోట్లా 1. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. ఎస్‌క్యూఎల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. డ్రైవర్ మారితే లెక్క ఎందుకు మారుతుంది?

ఋషికొండ జావా · బుధవారం, ఉదయం 11:50

ఆ రిపోర్ట్ కోడ్‌లో గేట్ తేదీని ఎలా చదువుతున్నారో పెట్టు. గెట్‌ఆబ్జెక్ట్ అని ఉందా?

గేట్‌పాస్ · బుధవారం, మధ్యాహ్నం 12:05

అవును అన్నా. గెట్‌ఆబ్జెక్ట్ చేసి, టూస్ట్రింగ్ చేసి, ఆ స్ట్రింగ్‌ని మ్యాప్‌లో కీగా వాడి లెక్కబెడుతున్నారు.

ఋషికొండ జావా · బుధవారం, మధ్యాహ్నం 12:30

దొరికింది. ఒరాకిల్‌లో డేట్ కాలమ్ అంటే తేదీతో పాటు గంట, నిమిషం, సెకను కూడా ఉంటాయి. 10జీ డ్రైవర్‌లో గెట్‌ఆబ్జెక్ట్ అడిగితే జావా.ఎస్‌క్యూఎల్.డేట్ ఇచ్చేది, అందులో టైమ్ ఉండదు. 11జీ డ్రైవర్ నుంచి టైమ్‌స్టాంప్ ఇస్తుంది. సర్వర్ పాతదా కొత్తదా అన్నది దీనికి అనవసరం, ఇదంతా జార్ చేసే పని.

నీ దగ్గర ఒకే రోజు వచ్చిన రెండు బండ్లు చూడు. పాత జార్‌తో రెండింటి స్ట్రింగ్ '2024-03-05'. కొత్త జార్‌తో ఒకటి '2024-03-05 09:12:40.0', ఇంకోటి '2024-03-05 23:41:07.0'. మ్యాప్‌కి అవి రెండు వేర్వేరు కీలు. అందుకే ప్రతి బండికీ ఒక లైన్.

ఒరాకిల్.జేడీబీసీ.మ్యాప్‌డేట్‌టుటైమ్‌స్టాంప్ అనే ప్రాపర్టీ ఉంది, ఫాల్స్ ఇస్తే పాత ప్రవర్తన వస్తుంది. కానీ నేను దాన్ని తాత్కాలికంగా కూడా వాడనివ్వను, ఎందుకంటే డిటెన్షన్ చార్జీ (కంటైనర్ ఆలస్యానికి వేసే రుసుము) గంటల మీద లెక్కగట్టే కోడ్ మీ దగ్గర తప్పకుండా ఉంటుంది. టైమ్ కావాల్సిన చోట గెట్‌టైమ్‌స్టాంప్, తేదీ మాత్రమే కావాల్సిన చోట క్వెరీలోనే ట్రంక్ (టైమ్ తీసేసి తేదీ మాత్రం ఉంచే ఫంక్షన్). గెట్‌ఆబ్జెక్ట్ అన్న పదం ప్రాజెక్టు మొత్తంలో వెతికి, తేదీ కాలమ్‌ల మీద ఉన్న ప్రతిదాన్నీ చూడు. జావా.ఎస్‌క్యూఎల్.డేట్‌గా కాస్ట్ చేసినవి క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ ఇస్తాయి, అవి సులువుగా దొరుకుతాయి. స్ట్రింగ్‌గా మార్చినవే ప్రమాదం, ఎర్రర్ లేకుండా తప్పు లెక్క ఇస్తాయి.

మర్రిపాలెం డీబీఏ · బుధవారం, మధ్యాహ్నం 1:00

ఈ పోస్ట్ చదివేవాళ్లందరికీ ఒక విన్నపం. కనెక్ట్ అయింది అన్న దగ్గర పని అయిపోయినట్టు కాదు. డ్రైవర్ మార్చాక నెలాఖరు రిపోర్టులు పాత జార్‌తో ఒకసారి, కొత్త జార్‌తో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. లాగిన్ సమస్య అయితే అందరికీ కనిపిస్తుంది, వెంటనే ఫోన్ వస్తుంది. లెక్క తప్పితే పార్టీకి బిల్లు వెళ్లిపోయాక గానీ తెలియదు. గేట్‌పాస్ వాళ్ల అకౌంట్స్ ఆవిడ డే బుక్ తీసి చూశారు కాబట్టి దొరికింది.

ద్వారకానగర్ స్టూడెంట్ · బుధవారం, సాయంత్రం 6:20

సార్, మేడమ్, పైథాన్ గురించి అడగొచ్చా? ప్రాక్టీస్ కోసం ఒరాకిల్ 11.2 ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వేసుకున్నాను. పైథాన్-ఒరాకిల్‌డీబీతో వెళ్తే డీపీవై-3010 వస్తోంది. క్లయింట్ ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదని ట్యుటోరియల్‌లో చెప్పారు.

మర్రిపాలెం డీబీఏ · బుధవారం, సాయంత్రం 6:45

అడగొచ్చమ్మా. క్లయింట్ అక్కర్లేని దాన్ని థిన్ మోడ్ అంటారు, అది 12.1, ఆ తర్వాతి డేటాబేస్‌లకే. 11.2కి వెళ్లాలంటే థిక్ మోడ్ కావాలి. ఇన్‌స్టంట్ క్లయింట్ దించుకుని, కోడ్ మొదట్లో ఇనిట్_ఒరాకిల్_క్లయింట్ పిలవాలి. క్లయింట్ 19 తీసుకో, అది 11.2కి వెళ్తుంది. 21 అయితే 12.1 నుంచే, 23 అయితే 19 నుంచే. అన్నిటికంటే కొత్తది మంచిదనుకుని 23 వేస్తే మళ్లీ ఇక్కడికే వస్తావు. నేర్చుకోవడానికే అయితే 11.2 వదిలేసి కొత్త ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వేసుకోవడం ఇంకా నయం.

డాబాగార్డెన్స్ సర్వీస్ · బుధవారం, రాత్రి 8:30

గేట్‌పాస్ బాబూ, కాటా సంగతి ఎవరూ అడగలేదు. మీ కాటా ప్రోగ్రామ్ వీబీ6లో ఉండి ఓడీబీసీ మీద నడుస్తుంటే దాన్నీ చూసుకో. యార్డుల్లో కాటా గదుల పీసీలు ఉప్పు గాలికి త్వరగా పోతాయి, మేము మారుస్తూనే ఉంటాం. ఈమధ్య మార్చినవన్నీ 64 బిట్ విండోస్. డేటా సోర్స్ పెడతాం, టెస్ట్ బటన్ నొక్కితే సక్సెస్ అంటుంది. ప్రోగ్రామ్ తెరిస్తే ఐఎం014, డ్రైవర్‌కీ అప్లికేషన్‌కీ ఆర్కిటెక్చర్ కుదరలేదని.

వీబీ6 ప్రోగ్రామ్ 32 బిట్. దానికి 32 బిట్ డ్రైవర్, 32 బిట్ డేటా సోర్స్ ఉండాలి. విండోస్‌లో ఆ రెండు అడ్మినిస్ట్రేటర్ ఫైళ్లకీ పేరు ఓడీబీసీఏడీ32 అనే ఉంటుంది. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్. సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్. చూడ్డానికి తిరగేసినట్టు ఉంటుంది, కానీ అంతే. రెండోది తెరిచి అక్కడ డేటా సోర్స్ పెట్టాలి. 32 బిట్ ఇన్‌స్టంట్ క్లయింట్, దాని ఓడీబీసీ ప్యాకేజీ, విజువల్ సీ++ రన్‌టైమ్ 32 బిట్ ఈ మూడూ ఉండాలి. రన్‌టైమ్ లేకపోతే సిస్టమ్ ఎర్రర్ కోడ్ 126 అని వస్తుంది.

గేట్‌పాస్ · బుధవారం, రాత్రి 9:10

బాబాయ్, సరిగ్గా మా కాటా వీబీ6లోనే ఉంది. పీసీ పాతదే, ఇంకా మార్చలేదు. అడిగినందుకు థాంక్స్. డే బుక్ సరిచేశాను, గెట్‌ఆబ్జెక్ట్ ఇంకా చాలా చోట్ల ఉంది, ఒక్కొక్కటీ చూస్తున్నాను.

అక్కా, చివరిగా ఒకటి. గేటు, కాటా కూడా 19సీకి వెళ్లే ముందు, 11.2కి ఇంకా ఏ ఏ మెషీన్ల నుంచి పాత డ్రైవర్‌తో వస్తున్నారో తెలుసుకునే వీలుందా? ఎవరి దగ్గర ఏముందో ఇక్కడ ఎవరికీ పూర్తిగా తెలియదు.

మర్రిపాలెం డీబీఏ · బుధవారం, రాత్రి 9:35

ఉంది. వీ$సెషన్_కనెక్ట్_ఇన్ఫో వ్యూలో క్లయింట్_వెర్షన్, క్లయింట్_డ్రైవర్ కాలమ్‌లు ఉంటాయి. దాన్ని వీ$సెషన్‌తో ఎస్ఐడీ, సీరియల్ నంబర్ మీద కలిపితే మెషీన్ పేరు, ప్రోగ్రామ్ పేరు కూడా వస్తాయి. ఆ క్షణంలో కనెక్ట్ అయి ఉన్నవాళ్లే కనిపిస్తారు కాబట్టి ఒక్కసారి చూస్తే చాలదు. గంటకోసారి ఆ ఫలితాన్ని ఒక టేబుల్‌లో వేసే జాబ్ పెట్టి, నెలాఖరు దాటే దాకా ఉంచండి. నెలకోసారి మాత్రమే నడిచే ప్రోగ్రామ్‌లు అప్పుడే బయటపడతాయి.

19సీలో ప్లగబుల్ డేటాబేస్ (ఒక పెద్ద డేటాబేస్ లోపల ఉండే విడి డేటాబేస్) వాడుతున్నట్టయితే కనెక్షన్ స్ట్రింగ్‌లు కూడా చూసుకోండి. పాత కోడ్‌లో హోస్ట్, పోర్ట్ తర్వాత కోలన్ పెట్టి ఎస్ఐడీ రాసి ఉంటుంది. ప్లగబుల్‌కి సర్వీస్ పేరుతో, స్లాష్ పెట్టి వెళ్లాలి. లేకపోతే డ్రైవర్ మంచిదైనా ఓఆర్ఏ-12505 వస్తుంది.

గేట్‌పాస్ · గురువారం, సాయంత్రం 4:40

జాబ్ పెట్టాను అక్కా. ఒక్క రోజులోనే కాటా పీసీ కాకుండా ఇంకో మెషీన్ 10.2 క్లయింట్‌తో కనిపించింది. ఆ మెషీన్ పేరు చూస్తే ఎవరికీ అర్థం కాలేదు, వెతికితే షిప్పింగ్ లైన్‌కి రాత్రిపూట కంటైనర్ లిస్ట్ పంపే పాత పీసీ, స్టోర్ రూమ్‌లో మానిటర్ లేకుండా నడుస్తోంది. అందులో ఉన్నది ప్రో*సీ ప్రోగ్రామ్ (సీ భాషలో ఎస్‌క్యూఎల్ కలిపి రాసినది), సోర్స్ కోడ్ దొరకలేదు.

మర్రిపాలెం డీబీఏ · గురువారం, సాయంత్రం 5:05

సోర్స్ లేకుండా ఆ ప్రోగ్రామ్‌ని కొత్త క్లయింట్ మీదకి తేవడానికి సమయం వృథా చేయకండి. అది పంపే లిస్ట్ ఫార్మాట్ ఒక్కటి తీసుకుని, మీ జావా అప్లికేషన్‌లోనే ఆ ఎక్స్‌పోర్ట్ రాసుకోండి. కొన్ని రాత్రులు రెండు ఫైళ్లూ తయారు చేసి తేడా చూసుకుని, అప్పుడు ఆ పీసీ ఆపండి. ఫైల్‌లో తేదీ కాలమ్ ఏ రూపంలో వెళ్తోందో మరీ జాగ్రత్తగా చూడండి.

గేట్‌పాస్ · గురువారం, సాయంత్రం 5:20

అలాగే అక్కా. ఈ రాత్రి ఫైల్ కాపీ తీసి ఉంచుతాను, ఫార్మాట్ ఇక్కడ పెడతాను. తేదీల దగ్గర అనుమానం వస్తే ఋషికొండ అన్నని అడుగుతాను.